నాలా నిండిన తరువాత నీరు ఎటు పోవాలి? వాననీటి కాలువల రూపకర్తలకు ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన పురపాలక ఇంజినీర్లకు, పట్టణ ప్రణాళికా అధికారులకు, వాననీటి కాలువల నమూనాలు తయారుచేసే కన్సల్టెంట్లకు, ఆ నమూనాలకు ఆమోదం తెలిపే పాలకులకు,

నమస్కారం. కుండపోత వానలో, అర్ధరాత్రి వేళ మీ సిబ్బంది మోకాలి లోతు నీళ్లలో నిలబడి పనిచేయడం మేము చూస్తూనే ఉన్నాం. వారి శ్రమ పట్ల మాకు గౌరవం ఉంది.

పల్లపు కాలనీల్లో ఉండే మేము ఏళ్ల తరబడి అర్జీలు ఇస్తున్నాం. వాటికి వచ్చే జవాబు ప్రతిసారీ ఒక్కటే: “కాలువను డిజైన్ ప్రకారమే కట్టాం, కురిసిన వానే అసాధారణం.” ఈ జవాబులో అబద్ధం లేకపోవచ్చు. అయితే మేము అడిగినది వేరు. డిజైన్‌కు మించి వాన కురిసినప్పుడు ఆ మిగులు నీరు ఏ వీధి వెంట, ఎంత లోతున, ఎక్కడిదాకా పోవాలని మీరు నిర్ణయించారు? ఈ ప్రశ్నకు ఇంతవరకు ఎవరూ జవాబు చెప్పలేదు. అందుకే ఈ లేఖను అందరి ముందూ పెడుతున్నాం.

ఎంత వాననైనా మోయగల కాలువ ఉండదని మాకు తెలుసు. ప్రతి కాలువకూ ఒక హద్దు ఉంటుంది, ఆ హద్దు దాటిన నీరు ఎక్కడో ఒకచోటికి పోక తప్పదు. నీరు పల్లమెరుగు. ఆ నీటికి దారిని మీరు నమూనాలో గీయకపోతే నేల వాలు తానే గీసుకుంటుంది, ఆ గీత ఎప్పుడూ తక్కువ ధరకు దొరికిన పల్లపు స్థలాల్లో ఇళ్లు కట్టుకున్నవారి గడపల మీదుగానే పోతుంది. ఈ విషయంలో మేము గమనించినవి, దాని ఫలితాన్ని సామాన్యులు అనుభవిస్తున్న తీరు కింద వరుసగా రాస్తున్నాం.

1. డిజైన్ వాన మనుషులు ఎంచుకున్న అంకె. ‘అయిదేళ్లకోసారి వచ్చే వాన’ను తట్టుకునేలా కాలువ కట్టామని నివేదికల్లో రాస్తారు. అది చదివిన సామాన్యుడు, ఈ ఏడు మునిగాం కాబట్టి ఇక అయిదేళ్లు నిశ్చింత అనుకుంటాడు. అంతటి వాన, లేదా అంతకు మించిన వాన, ఏ ఏడాదిలోనైనా కురిసే అవకాశం 20 శాతం ఉందన్నదే ఆ మాటకు అసలు అర్థం. ఇంటి అప్పు తీర్చడానికి ఒక కుటుంబానికి 20 ఏళ్లు పడుతుందనుకుంటే, ఆ 20 ఏళ్లలో అటువంటి వాన కనీసం ఒక్కసారైనా కురిసే అవకాశం 98 శాతానికి పైనే. 50 ఏళ్లకోసారి వచ్చే వానను ప్రమాణంగా తీసుకున్నా, 30 ఏళ్ల కాలంలో అది మించిపోయే అవకాశం దాదాపు 45 శాతం. కాలువ ఏదో ఒకనాడు పొంగుతుందన్న సంగతి డిజైన్ మొదటి పేజీలోనే ఉందన్నమాట. ఇంత ఖర్చుకు ఇంత రక్షణ అని నిర్ణయించే బాధ్యత మీది, దాన్ని మేము తప్పుపట్టడం లేదు. ఆ నిర్ణయం జరిగిందనీ, దాని భారం తమ మీద పడిందనీ మునిగేవారికి ఎవరూ చెప్పకపోవడమే మా బాధ.

2. ఎగువన ఇచ్చే అనుమతులు దిగువన వరద అవుతున్నాయి. ఐర్లండ్‌కు చెందిన థామస్ మల్వనీ 1851లో ప్రతిపాదించగా, అమెరికాలో ఎమిల్ కుయిచ్లింగ్ 1889లో పట్టణ కాలువలకు వర్తింపజేసిన రేషనల్ సూత్రాన్ని చిన్న పరీవాహక ప్రాంతాల లెక్కలకు మీరు నేటికీ వాడుతున్నారు. రన్‌ఆఫ్ గుణకం (పడిన వానలో నేల మీద పారి కాలువకు చేరే వంతు), వాన తీవ్రత, విస్తీర్ణం అనే మూడింటిని గుణిస్తే ప్రవాహం వస్తుంది. గంటకు 60 మిల్లీమీటర్ల తీవ్రతతో 10 హెక్టార్ల మీద వాన కురుస్తున్నదనుకుందాం. ఆ నేల చెట్లతో, మట్టితో ఉండి గుణకం 0.3 అయితే కాలువలోకి సెకనుకు 500 లీటర్ల నీరు వస్తుంది. అదే నేల మీద మేడలు, సిమెంటు రోడ్లు, పార్కింగ్ స్థలాలు వచ్చి గుణకం 0.9కి చేరితే సెకనుకు 1,500 లీటర్లు వస్తుంది. వానా అదే, కాలువా అదే, నీరు మాత్రం మూడింతలు. పైగా నున్నటి గచ్చు మీద నీరు తొందరగా పరుగెడుతుంది కాబట్టి అది కాలువను చేరే సమయం తగ్గుతుంది. వ్యవధి తక్కువైన కొద్దీ వాన ఉధృతి ఎక్కువ కాబట్టి, ఆ సమయం తగ్గిన కొద్దీ లెక్కలోకి తీసుకోవలసిన వాన తీవ్రత పెరుగుతుంది కనుక అసలు ప్రవాహం మూడింతలను కూడా దాటుతుంది. ఎగువన లేఅవుట్‌కు అనుమతి ఇచ్చే దస్త్రం ఒక గదిలో, దిగువ కాలువ వెడల్పును తేల్చే దస్త్రం మరో గదిలో ఉన్నంత కాలం ఈ లెక్కను ఎవరూ కలిపి చూడరు. అది కలిసేది మా వాకిట్లోనే.

3. పాత వానల లెక్కతో కొత్త కాలువలు కడుతున్నారు. నగరంలోని చిన్న కాలువను నింపేది రోజంతా కురిసిన మొత్తం వాన కాదు, పది పదిహేను నిమిషాల ఉధృతి. 24 గంటల వర్షపాతాన్ని సగటుగా విభజించి తీసిన తీవ్రత ఆ ఉధృతిని దాచేస్తుంది. తీవ్రత, వ్యవధి, పునరావృత కాలాలను (ఎన్నేళ్లకోసారి వచ్చే వాన అన్న లెక్కను) కలిపి చూపే రేఖాచిత్రాలను దశాబ్దాల కిందటి నమోదులతో గీసి, వాటినే నేటికీ వాడడం వల్ల మరో చిక్కు వస్తుంది. ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ సెల్సియస్ పెరిగితే గాలి ఇముడ్చుకోగల నీటి ఆవిరి సుమారు 7 శాతం పెరుగుతుందన్నది భౌతిక శాస్త్రం ఎప్పుడో తేల్చిన విషయం. ఇవాళ కట్టే కాలువ యాభై ఏళ్లు నిలవాలి. అది ఎదుర్కోబోయే వాన మాత్రం తాతల నాటి పట్టికలో దొరకదు.

4. కాలువ చివర ఏముందో చూడకుండా మొదలు ఎంత వెడల్పు చేసినా ఫలితం లేదు. చెరువు నిండుగా ఉన్నప్పుడు, నది పొంగుతున్నప్పుడు, సముద్రం పోటు మీద ఉన్నప్పుడు కాలువ నీరు బయటికి పోవడానికి బదులు వెనక్కి తన్నుతుంది. ముంబై పాత కాలువలను గంటకు 25 మిల్లీమీటర్ల వానకు, పడిన నీటిలో సగమే కాలువకు చేరుతుందన్న అంచనాతో, అదీ సముద్రం ఆటులో ఉన్న వేళకు సరిపోయేలా కట్టారు. సామర్థ్యాన్ని గంటకు 50 మిల్లీమీటర్లకు పెంచాలని ముంబై వాననీటి పారుదల మీద వచ్చిన 1993 నాటి బ్రిమ్‌స్టోవాడ్ నివేదిక చెప్పింది. ఆ పనుల్లో చాలా భాగం పూర్తికాకుండానే 2005 జులై 26 వచ్చింది. శాంతాక్రూజ్ కేంద్రంలో 24 గంటల్లో 944 మిల్లీమీటర్ల వాన నమోదైంది, వాన ఉధృతంగా ఉన్న మధ్యాహ్నమే పోటు కూడా వచ్చింది. వందలాది మంది చనిపోయారు. ఆనాటి వానను 50 మిల్లీమీటర్ల కాలువ కూడా మోయగలిగేది కాదని మీరు అంటారు, అది నిజమే. సరిగ్గా అందుకే, కాలువ చేతులెత్తేసిన తరువాత నీరు పోవలసిన దారి గురించి మేము ఇంతగా అడుగుతున్నాం.

5. కాగితం మీద ఉన్న సామర్థ్యం వీధిలో ఉండదు. నీరు కాలువలో పడకముందు జాలీలోంచి దిగాలి. జాలీలు చాలినన్ని లేకపోయినా, చెత్తతో మూసుకుపోయినా కింద కాలువ సగం ఖాళీగా ఉండగానే పైన వీధి మునుగుతుంది. ఎగువన 600 మిల్లీమీటర్ల పైపు వేసి, మధ్యలో ఏదో కేబుల్ అడ్డువచ్చిందని 300 మిల్లీమీటర్ల పైపుతో కలిపేస్తే, అదే వాలులో ఆ చిన్న పైపు మోయగలిగేది పెద్దదానిలో ఆరో వంతు కన్నా తక్కువ. వాలు నాలుగో వంతుకు తగ్గితే ప్రవాహం సగానికి పడిపోతుంది. రోడ్డు మీద పొర మీద పొర వేస్తూ పోవడం వల్ల ఇంటి గడప కన్నా రోడ్డు ఎత్తయి, ఒకప్పుడు వీధిలోకి పారిన నీరు ఇప్పుడు ఇంట్లోకి పారుతోంది. ఇక వాననీటి కాలువలోకి మురుగును వదిలేస్తే, ఇంట్లోకి వచ్చేది వాననీరు కాదు, మురుగు. ఆ నీరు తీసిన తరువాత విరేచనాలు, చర్మ వ్యాధులు, ఎలుకల మూత్రం కలిసిన నీటి ద్వారా సోకే లెప్టోస్పైరోసిస్ మిగులుతాయి. నీరు త్వరగా దిగాలని మూత తీసిన మ్యాన్‌హోల్ పైకి కనిపించదు, దానిలో పడినవారు తిరిగి రారు.

6. మరణాలు ఎక్కడ జరుగుతాయో ముందే తెలిసినా పట్టించుకోవడం లేదు. 2021 సెప్టెంబరు 1 రాత్రి ఇడా తుపాను శేషం న్యూయార్క్ మీదుగా పోయినప్పుడు సెంట్రల్ పార్కులో ఒక్క గంటలో 80 మిల్లీమీటర్ల వాన పడింది. ఆ నగరపు కాలువలు గంటకు సుమారు 45 మిల్లీమీటర్లకు కట్టినవి. అక్కడ చనిపోయిన 13 మందిలో 11 మంది నేలమట్టానికి దిగువన ఉన్న బేస్‌మెంట్ ఇళ్లలో ఉన్నవారు, అంటే ఎక్కువగా అంతకన్నా మంచి ఇంటికి అద్దె కట్టలేనివారు. అదే ఏడాది జులై 20న చైనాలోని జెంగ్‌జౌలో ఒక్క గంటలో 201.9 మిల్లీమీటర్లు కురిసింది. మెట్రో రైలులో చిక్కుకొని 14 మంది మరణించారు, రోడ్డు సొరంగంలో వాహనాలు మునిగిపోయాయి. సెల్లార్లు, అండర్‌పాస్‌లు, సొరంగాలు నీరు మొదట చేరే చోట్లు. వీటిని కనిపెట్టడానికి పెద్ద నమూనాలు అక్కరలేదు, ఎత్తులు చూపే మ్యాపు ఉంటే చాలు.

ఇంకా విడివిడిగా రాయదగిన నష్టాలు చాలా ఉన్నాయి. రోజుకూలీకి పోయే పని దినాలు, తడిసిన సరుకుతో మూతపడే చిన్న దుకాణం, నానిపోయిన బడి పుస్తకాలు, అంబులెన్సు రాలేని వీధిలో పురిటి నొప్పులు పడుతున్న స్త్రీ. ప్రాజెక్టు నివేదికలోని ఖర్చు పట్టికలో వీటికి గడి ఉండదు కాబట్టి, ఒక కాలువను పెద్దది చేయడానికి అయ్యే ఖర్చు ఎప్పుడూ ఎక్కువగానూ, చేయకపోతే జరిగే నష్టం ఎప్పుడూ తక్కువగానూ కనిపిస్తుంది.

కాలువకు మించిన నీటికి ముందే దారి నిర్ణయించడం అసాధ్యమని ఎవరైనా అంటే కోపెన్‌హేగెన్‌ను చూడమని కోరుతున్నాం. 2011 జులై 2న ఆ నగరంలో రెండు మూడు గంటల్లోనే 100 మిల్లీమీటర్లకు పైగా వాన పడి వీధులు, నేలమాళిగలు మునిగాయి. మరుసటి ఏడాదే ఆ నగరం కుండపోత వానల కోసం ప్రత్యేక ప్రణాళిక ఆమోదించింది. భూగర్భ కాలువలు పదేళ్లకోసారి వచ్చే వానను మోయాలి, నూరేళ్లకోసారి వచ్చే వానలో సైతం వీధిలో నిలిచే నీరు సగటున 10 సెంటీమీటర్లు మించకూడదు అని అందులో రెండు వేర్వేరు లక్ష్యాలు రాసుకున్నారు. కొన్ని వీధులను నీరు పారే దారులుగా, కొన్ని పార్కులను నీరు ఆగే చోట్లుగా ముందే గుర్తించి, దాదాపు 300 పనులను ఇరవై ఏళ్లలో పూర్తిచేయాలని సంకల్పించారు. మాకు అక్కడ నచ్చింది ఖర్చు కాదు, ఆ రెండో వాక్యం. కాలువ నిండిన తరువాత ఏం జరగాలో కూడా ఒక అంకెగా రాసి, ప్రజల ముందు పెట్టారు. మా లేఖలోని కోరికంతా ఆ ఒక్క వాక్యంలో ఉంది.

మలేసియాలోని కౌలాలంపూర్‌లో 2007లో ప్రారంభమైన 9.7 కిలోమీటర్ల స్మార్ట్ సొరంగంలో కొంత భాగం మామూలు రోజుల్లో రహదారి. భారీ వరద వస్తే వాహనాలను ఆపి, అదే రహదారి గుండా నీటిని పంపుతారు. రోటర్‌డామ్‌లో 2013లో తెరిచిన బెంథెంప్లైన్ చౌరస్తా ఎండ రోజుల్లో ఆటస్థలం, వాన రోజున 17 లక్షల లీటర్ల నీటిని పట్టి ఉంచే తొట్టి. రెండు చోట్లా ఏ రోజున ఏ స్థలం నీటిదో ముందే రాసి ఉంది.

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా చెప్పక తప్పదు. నీరింకే పేవ్‌మెంట్లు, ఇంకుడు గుంతలు, వాన తోటలు ఇప్పుడు ప్రతి ప్రకటనలోనూ కనిపిస్తున్నాయి. అవి కావలసినవే. ఒక హెక్టారు మీద పడే మొదటి 25 మిల్లీమీటర్ల వానను పట్టి ఉంచగలిగితే రెండున్నర లక్షల లీటర్లు కాలువలోకి రాకుండా ఆగుతాయి, మామూలు వానల్లో వీధి మునగకుండా ఉండడానికి ఇదే సరైన మార్గం. కానీ నేల తడిసి ముద్దయ్యాక వచ్చే పెద్ద వానను అవి ఆపలేవు. జెంగ్‌జౌ స్పాంజ్ నగరంగా, అంటే వాననీటిని స్పాంజిలా పీల్చుకునే నగరంగా మారడానికి భారీగా ఖర్చుపెట్టిన నగరమే. వాటిని చూపించి పెద్ద ప్రవాహపు దారులను కట్టడాలతో మూసివేయడానికి అనుమతులు ఇవ్వకండి.

పై విషయాలన్నీ మీకు తెలియనివి కావు, మీ పాఠ్యపుస్తకాల్లో ఉన్నవే. తెలిసినదాన్ని రాతపూర్వకమైన బాధ్యతగా మార్చమని అడుగుతూ, మా డిమాండ్లను ముందుంచుతున్నాం.

1. ప్రతి ప్రధాన కాలువకు సంబంధించిన డిజైన్ వాన తీవ్రత, దాని పునరావృత కాలం, వాడిన రన్‌ఆఫ్ గుణకం, ఏ సంవత్సరాల వర్షపాత నమోదులతో లెక్కించారన్నది వార్డు కార్యాలయంలో బోర్డు మీద సామాన్యుడికి అర్థమయ్యే భాషలో రాసి పెట్టాలి.

2. కాలువ సామర్థ్యం దాటిన నీరు పారే దారిని, ఆ దారిలో నీటి లోతును, వేగాన్ని చూపే మ్యాపు లేకుండా ఏ వాననీటి ప్రాజెక్టుకూ సాంకేతిక ఆమోదం ఇవ్వకూడదు. ఈ మ్యాపులో కనీసం నూరేళ్లకోసారి వచ్చే వానను పరీక్షించి చూపాలి. మా డిమాండ్లన్నింటిలో దీనినే అన్నిటికన్నా ముఖ్యమైనదిగా భావించండి. మిగిలిన వాటిలో ఆలస్యం జరిగినా ఓర్చుకోగలం, దీనిలో మాత్రం ఓర్చుకోలేం.

3. కొత్త లేఅవుట్, పెద్ద భవన సముదాయం, రహదారి విస్తరణ ఏదైనా సరే, కట్టక ముందు ఆ స్థలం నుంచి ఎంత ప్రవాహం బయటికి వచ్చేదో, కట్టిన తరువాత కూడా అంతకు మించి రాకూడదన్న షరతు పెట్టాలి. గుణకాన్ని నేటి నిర్మాణాలను బట్టి కాక, మాస్టర్ ప్లాను పూర్తిగా అమలైతే ఉండబోయే నిర్మాణాలను బట్టి లెక్కించాలి.

4. బయటికి పోయే చోట చెరువు, నది లేదా సముద్రం గరిష్ఠ మట్టంలో ఉన్న స్థితికి కూడా కాలువను పరీక్షించాలి. గేట్లు, పంపులు పెట్టినచోట కరెంటు పోయినప్పుడు అవి నడిచే ఏర్పాటు డిజైన్‌లోనే ఉండాలి.

5. వానాకాలానికి ముందు పూడిక తీసిన ప్రతి కాలువకూ తీయకముందు, తీసిన తరువాత కొలిచిన లోతులను ప్రకటించాలి. ఎన్ని టన్నులు తీశారన్న లెక్క మాకు అక్కరలేదు, తీసిన మట్టి గట్టు మీదే ఉండి మొదటి వానకే తిరిగి లోపలికి జారుతుంటే ఆ టన్నులకు అర్థం లేదు.

6. మ్యాన్‌హోళ్లకు మూత కింద రక్షణ వల తప్పనిసరి చేయాలి. ముంపు వచ్చే అండర్‌పాస్‌లకు నీటి మట్టం చూపే కొలబద్దలు, వాహనాలను ఆపే గేట్లు పెట్టాలి. వరద దారిలో ఉన్న సెల్లార్లను నివాసానికి వాడుతుంటే, ఆ కుటుంబాలకు ముందు వేరే వసతి చూపి, ఆ తరువాతనే ఖాళీ చేయించాలి.

7. ఇళ్లు మునిగిన ప్రతి సంఘటన మీదా సాంకేతిక విచారణ జరిపి, నివేదికను బయటపెట్టాలి. ఇంగ్లండ్‌లో 2010 నాటి వరద, నీటి నిర్వహణ చట్టం 19వ సెక్షన్ ప్రకారం స్థానిక సంస్థలు అవసరమైన మేరకు వరదల మీద విచారణ జరిపి ఫలితాలు ప్రచురించాలి. వాన ఎంత పడింది, కాలువ ఎంత మోసింది, ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది అన్న నాలుగు ప్రశ్నలకు జవాబు అందులో ఉండాలి.

8. మిగులు నీటి దారుల కోసం ఇళ్లు తొలగించక తప్పని చోట, ఎగువన కాలువను ఆక్రమించిన పెద్ద కట్టడాలను వదిలి దిగువన పేదల గుడిసెలతో పని మొదలుపెట్టవద్దు.

ఈ లేఖకు జవాబుగా మరో హామీ వద్దు. వచ్చే వానాకాలం మొదలయ్యేలోగా మీ పరిధిలో ఎక్కువసార్లు పొంగిన ఒక్క కాలువను ఎంచుకోండి. ఆ కాలువ ఎంత వానకు కట్టినదో, ఇప్పుడు కొలిస్తే ఎంత మోయగలదో, అది నిండితే నీరు ఏ వీధుల మీదుగా ఎంత లోతున పోతుందో చూపే మ్యాపును ఆ వీధుల్లోనే అతికించండి. ఆ మ్యాపు మీద మాట్లాడడానికి మేము వస్తాం. గత ముంపుల్లో మా గోడల మీద నీరు ఎక్కడిదాకా వచ్చిందో కొలిచి పెట్టుకున్న గుర్తులున్నాయి, మీ నమూనాను సరిచూసుకోవడానికి వాటిని తీసుకువస్తాం.

ఇట్లు,
పల్లపు కాలనీల నివాసులు